భీమశంకర్ తుపాకీ తూకం

అమెరికాలో, రెడ్‌మండ్‌లో ఉండే భీమశంకర్‌కి పేరులో ఉన్నంత భీముడు భుజాల్లో లేడు. ఆ లోటు అతని వేట తుపాకీ తీర్చింది. ఇంట్లో ఎత్తితే రోకలి, కొండెక్కితే రోలు.

పోయిన అక్టోబరులో జింకల వేటకి వెళ్లి, దాన్ని మోయలేక సగం కొండ దగ్గరే కూలబడ్డాడు. జట్టుకి పెద్ద లోకేష్, ఆఫీసు మిత్రుడే, అతన్ని కార్లకి కాపలా పెట్టి పైకి వెళ్లిపోయాడు. ఈ ఏడు ముందే చెప్పేశాడు: "బాబాయ్, ఈసారీ ఎక్కలేకపోతే నీ ప్లేస్ వేరేవాళ్లకి ఇచ్చేస్తాం. ఏమనుకోకు."

సీజన్ ఇంకో పది రోజుల్లో మొదలు. భీమశంకర్ ఫోన్‌లో ఒక కొత్త తేలికపాటి తుపాకీ ఫొటోని పెళ్లిచూపుల ఫొటోలా తిప్పి తిప్పి చూస్తున్నాడు.

"ఉన్నదాన్నే తేలిక చేయించుకోండి," అంది భార్య మీనాక్షి.

"అది ఏనుగు మీనా! ఏనుగుని తేలిక చేస్తే ఏమవుతుంది?"

"నడిచే ఏనుగవుతుంది. అసలు బరువు తుపాకీదా, మీ బద్ధకానిదా?"

భీమశంకర్‌కి పౌరుషం పొడుచుకొచ్చింది. "సాయంత్రం తూకం వేద్దాం. అయిదు కిలోల లోపుంటే కొత్తదాని మాటెత్తను. ఒట్టు!"

ఒట్టు వేశాక భయం వేసింది. అయిదు కిలోలు దాటుతుందో లేదో అతనికీ తెలీదు. గరాజ్‌లోకి దూరి, తుపాకీ భుజానికి ఆనే చోట ఉన్న రబ్బరు దిండు విప్పాడు. లోపల బోలుగా ఉంది. చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లని మూటగట్టి అందులో కూరి, దిండు బిగించి, ఈల వేసుకుంటూ బయటికొచ్చాడు.

సాయంత్రం తుపాకీ లోపల తూటాలు లేవని ఇద్దరూ రెండేసి సార్లు చూసుకుని, తుపాకీని ఇండియా పెట్టెలు తూచే త్రాసుకి వేలాడదీశారు. ఆరు కిలోల నాలుగువందలు!

"చూశావా? నా భుజాలు ఉక్కువి కాబట్టి సరిపోయింది!" అన్నాడు భీమశంకర్, గొంతులో బాధ నింపుకుని.

అయితే మీనాక్షి తొమ్మిది ఇండియా ట్రిప్పుల్లో ఒక్కసారి కూడా అదనపు లగేజీ కట్టని మనిషి. ఇరవై మూడు కిలోల పెట్టెలో ఇరవై రెండు కిలోల తొమ్మిదివందలు సర్దగలదు. తుపాకీని నడుం దగ్గర పట్టుకుని ఎత్తింది.

"ఏవండీ, ఇది మూతి పైకెత్తి తోక మీద కూర్చుంటోందేంటి? మీ అక్కయ్యగారు నా బూట్లలో బెల్లం కూరినప్పుడు పెట్టె ఇలాగే ఒరిగింది."

"తుపాకీలో బెల్లమెందుకుంటుంది?"

"అదే చూద్దాం. స్క్రూడ్రైవర్ ఇవ్వండి."

"ఎక్కడుందో..."

"మీ ప్యాంటు జేబులో ఉంది."

దిండు ఊడింది. లోపల్నుంచి భీమశంకర్ ఆఫీసు సాక్సు జారిపడింది. దాని ముడి వీడి, సీసపు గుండ్లు ఫ్రిజ్ కిందికి పెళ్లివారిలా పరుగెత్తాయి.

"ఇవి... కంపెనీవాళ్లే వేస్తారు. బ్యాలెన్స్‌కి."

"మీ సాక్సులో పోసి పంపారా? ఉతికి మరీ?"

భీమశంకర్ నేల మీద పాకుతూ గుండ్లు ఏరుతుంటే, ఆమె మళ్లీ తూచింది. అయిదు కిలోల వంద.

"అయినా అయిదు దాటింది!" ఫ్రిజ్ కిందనుంచి విజయగర్జన వినిపించింది.

"ఉండండి. పెట్టె ఇంకా విప్పలేదు." మీనాక్షి తుపాకీ గొట్టం కింద ఆనించే ఇనుప స్టాండు తీసేసింది. పక్కన కట్టి ఉన్న తూటాల సంచీ విప్పింది. గురి చూసే దుర్భిణి, నక్షత్రాలు చూసేంత స్కోపు, తీయించి, సొరుగులో పడున్న చిన్నది పెట్టించింది. నాలుగు కిలోలు.

"కొత్తది మూడే కిలోలు, వెబ్‌సైట్‌లో రాసుంది..." గొణిగాడు.

"స్కోపుతో కలిపా?"

"...లేకుండా."

"అది ఖాళీ పెట్టె బరువండీ! సామాను సర్దాక చెప్పండి."

గురువారం తుపాకుల మెకానిక్ భుజానికి ఆనించే చెక్క దిమ్మ తీసి ప్లాస్టిక్‌ది వేశాడు. ఇంకో అరకిలో పోయింది. భీమశంకర్ కాల్పులు సాధన చేసే రేంజ్‌కి వెళ్లి గురి సరిచూసుకున్నాడు. సాకు కోసం బుర్రంతా వెతికాడు. దొరకలేదు.

వేట మొదలైన రోజు, సాకు లేనివాడికి ఎక్కడం తప్ప దారి లేదు కాబట్టి, కొండ ఎక్కాడు. ఊపిరి కోసం ఆగిన లోకేష్‌ని దాటి మరీ ఎక్కాడు. శిఖరం అవతల గడ్డిలో పెద్ద కొమ్ముల దుప్పి తలెత్తింది. ఒకే దెబ్బ!

"బాబాయ్! ఇరగదీశావ్!" లోకేష్ కౌగిలించుకున్నాడు. మాంసం సంచుల్లోకి ఎత్తాక, అన్నిటికన్నా పెద్ద సంచీ తెచ్చి అతని వీపుకి తగిలించాడు. "అందరిలోకీ నీ తుపాకే తేలిక. ఇది నీదే!"

రెండు గంటల తర్వాత కార్ల దగ్గర, సంచీ దింపి, భీమశంకర్ ఇంటికి ఫోన్ చేశాడు.

"మీనా! కొట్టాను! శిఖరం దాకా ఎక్కాను!"

"అబ్బ! నాకు తెలుసండీ మీరు ఎక్కుతారని!" ఆమె గొంతు నిజంగానే పొంగింది. "మరి అంత మాంసం కిందికి ఎవరు మోశారు?"

"పెద్ద సంచీ నేనే."

"బరువుందా?"

భీమశంకర్ ఆలోచించాడు. ఉందంటే ఆమె ఏ వంకన విప్పి చూస్తుందో!

"అబ్బే," అన్నాడు, నేల మీద చతికిలబడుతూ. "పువ్వులా ఉంది."