గుండ్లగుట్ట ఎలుగుబంటి

వేట పాపమనే పెద్దలకు నాదొక సవాలు. మన పాలమూరు జిల్లాలో ఈనాడు అహింసావ్రతాన్ని తుచ తప్పకుండా పాటిస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్లు మన తుపాకీ వేటగాళ్లే!

నవ్వకండి. నేను ఊరికే అనడం లేదు. మూడేళ్లుగా షికారు మిత్రమండలి వారి జీపులో, టిఫిను క్యారియరుకూ స్పేరు టైరుకూ నడుమ కూర్చుని అడవులు చూసినవాణ్ణి. ఈ మూడేళ్లలో మండలివారు కాల్చిన తూటాలకు లెక్కలేదు. పడ్డది మాత్రం ఒక్క కుందేలు. అదీ జీపు కింద పడింది.

ఇంతటి జీవకారుణ్యం ఇంకే సంఘంలో ఉందో చూపించండి!

వేటవల్ల దేశానికి జరిగే మేలు ఇంకా చాలా ఉంది. తుపాకీ ఒకసారి పేలిందంటే జొన్నచేలమీద వాలే పిట్టలు రెండు రోజులదాకా అటు తొంగిచూడవు. మంచె మీద రైతు హాయిగా కునుకు తీయవచ్చు. పట్నం దొరలు వస్తున్నారంటే ఊరివాళ్లు బాట మీది రాళ్లు ఏరుతారు. పంచవర్ష ప్రణాళికలు రెండు వచ్చి పోయినా కదలని రాళ్లు ఒక్క జీపు హారనుకు కదిలాయంటే, దీన్ని అభివృద్ధి అనరా?

ఆరోగ్యం సంగతి సరేసరి. డాక్టరు రోజూ మైలు నడవమంటే మంచం దిగనివాళ్లు, గుట్టమీద ఎలుగుబంటి ఉందంటే ఎంత చురుగ్గా పరుగెత్తుతారో నేను కళ్లారా చూశాను. ఎటువైపు పరుగెత్తుతారన్నది తర్వాత చెబుతాను.

అయితే ఒక్క జాతికి మావల్ల నష్టం జరుగుతున్నదని ఒప్పుకోవాలి. అది ఊరకోడి. నెమలి తప్పిపోతే ఒక కోడి, కౌజుపిట్ట తప్పిపోతే ఒక కోడి, అడవిపంది తప్పిపోతే రెండు కోళ్లు. అడవిలో ఏది తప్పించుకున్నా ఊళ్లో కోడి తప్పించుకోదు. ఏదైనా జంతువును కాపాడే చట్టం తేవాలనుకునే పెద్దలు ముందు ఈ కోడి సంగతి ఆలోచించాలని నా మనవి.

మా మండలి అధ్యక్షులు కంట్రాక్టరు కృష్ణయ్యగారు. షాద్‌నగర్‌లో నివాసం. కల్వర్టులు కడతారు. ఆయనకు జీపుంది, రెండు గొట్టాల తుపాకీ ఉంది, ఖాకీ నిక్కరుంది, ఈక గుచ్చిన టోపీ ఉంది. వేటగాడికి ఇంకేం కావాలి? చూపు కూడా ఉంటే బాగుండునని కిట్టనివాళ్లంటారు. కళ్లజోడు పెట్టుకుంటే ఫొటోలో గాంభీర్యం తగ్గుతుందని కృష్ణయ్యగారి అభిప్రాయం.

ఇక అసలు కథకు వస్తాను. మొన్న ఆషాఢంలో మేము అచ్చంపేట అవతల గుండ్లగుట్ట అనే ఊరికి వెళ్లాం. ఊరికి పక్కనే ఆ పేరుతోనే గుట్ట. మాకు దారి చూపడానికి ఆ ఊరి ఐలేశం ముందు నడిచాడు. సన్నగా తుంపర పడుతున్నది. పొద్దు గూకుతున్నది. గుట్ట మలుపు తిరగగానే కృష్ణయ్యగారు చటుక్కున ఆగిపోయి నా చెయ్యి పట్టుకున్నారు.

"ఎలుగు!" అన్నారు.

నేనూ చూశాను. నల్లగా ఉంది. ముందు కాళ్లు పైకెత్తి, రెండు కాళ్లమీద నిలబడి ఉంది. పెద్ద తల. మా వైపే చూస్తున్నట్టుంది. కృష్ణయ్యగారు రెండు గొట్టాలూ ఒకేసారి పేల్చారు. పొగ తేలిపోయేసరికి ఎలుగు కూలిపోయింది!

గాయపడ్డ ఎలుగు దగ్గరికి పోరాదని వేటశాస్త్రం. ఆ శాస్త్రం మీద మాకున్న గౌరవం ఎంతటిదంటే, జీపు చేరేదాకా మేము వెనక్కి తిరిగి చూడలేదు. పైన చెప్పిన ఆరోగ్యలాభం నాకూ ఆనాడే కలిగింది. వెనకనుంచి ఐలేశం ఏదో అరుస్తూనే ఉన్నాడు. ఇంజను చప్పుడులో మాకు వినబడలేదు.

మర్నాడు ఐలేశం బస్సెక్కి షాద్‌నగర్ వచ్చాడు. పిడికిట్లోంచి నల్లటి బొచ్చు కుచ్చొకటి తీసి బల్లమీద పెట్టాడు.

"గాడ ఎలుగు లేదు దొరా. గాడున్నది ఏందంటే..."

"బొచ్చు ఉందా లేదా?" అన్నారు కృష్ణయ్యగారు.

"బొచ్చయితె ఉన్నది గని..."

"చాలు. ఇక నువ్వు పోయి అన్నం తిను."

ఆ సాయంత్రమే నేను వార్త రాశాను. "గుండ్లగుట్టలో ఆరడుగుల ఎలుగు హతం" అని ఈ పత్రికలోనే పెద్దక్షరాల్లో వచ్చింది. నేను మొదట ఐదడుగులని రాశాను. కృష్ణయ్యగారు చదివి, కలం అడిగి తీసుకున్నారు.

వార్త చదివి జిల్లా అంతా రెండుగా చీలిపోయింది. జీవకారుణ్య సంఘంవారు మండిపడ్డారు. ఆ సంఘానికి అధ్యక్షురాలు ప్లీడరుగారి భార్య సుగుణమ్మగారు. చీమను కూడా తొక్కరు; చీమలున్న చోటికి వెళ్లరు. చివరికి భాద్రపదంలో ఒక ఆదివారం పాలమూరులో రెండు సంఘాలూ కలిసి ఒక చర్చ పెట్టాయి. "ఆధునిక సమాజంలో వేట ధర్మమా, అధర్మమా?" హాలు నిండిపోయింది. వేదిక మీద రిటైర్డు జడ్జీగారు అధ్యక్షత వహించారు. మినిట్స్ రాసే భారం నామీద పడింది.

బల్లమీద ఊరగాయ జాడీ లాంటి గాజుసీసా ఒకటి పెట్టారు. అందులో ఎలుగుబంటి బొచ్చు. మావాళ్లు దానికి విజయచిహ్నంగా దండ వేశారు. అవతలివాళ్లు దాని ముందు ఊదుబత్తి వెలిగించారు.

సుగుణమ్మగారు లేచి ఆ సీసా వైపు చూశారు. పట్టుచీర కొంగుతో కళ్లు ఒత్తుకుని, "ఆ తల్లికి పిల్లలు కూడా ఉండే ఉంటాయి" అన్నారు. హాల్లో ఆడవాళ్లందరూ ముక్కులు చీదారు. తర్వాత మాట్లాడినాయన రెండు పిల్లలన్నారు. ఆయన తర్వాతాయన మూడని, అందులో ఒకటి కుంటిదని చెప్పారు. నేనూ జేబురుమాలు తీశాను.

మావాళ్లు తగ్గుతారా? వేట క్షత్రియధర్మమన్నారు. దశరథ మహారాజు వేటాడలేదా అని అడిగారు.

"ఆడాడు. ఆడి ఎవర్ని కొట్టాడో గుర్తుందా?" అన్నారు అవతలివాళ్లు.

దీనికి జవాబు చెప్పడానికి నేనే లేచాను. ఏనుగనుకుని మనిషిని కొట్టడం త్రేతాయుగపు పొరపాటు; బైనాక్యులర్స్ వచ్చిన ఈ కాలంలో అటువంటిది ఎక్కడ జరుగుతుందని నిలదీశాను. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్లు ఇప్పుడు తలుచుకుంటే చెవులు మండుతాయి.

మూడు గంటల వాదోపవాదాల తర్వాత జడ్జీగారు ఇరుపక్షాలకూ నచ్చే తీర్మానం ఒకటి చదివారు. ఆషాఢం మొదలు ఆశ్వయుజం చివరిదాకా నాలుగు నెలలపాటు మండలి సభ్యులెవరూ ఎలుగుబంట్లను కాల్చరాదు. తక్కిన ఎనిమిది నెలలూ నిరభ్యంతరంగా కాల్చవచ్చు. ధర్మమూ నిలిచింది, తుపాకీ నిలిచింది. కృష్ణయ్యగారూ సుగుణమ్మగారూ ఒకరికొకరు నమస్కారం చేసుకున్నారు. అవతల వరండాలో టీలు కూడా పోస్తున్నారు.

అప్పుడు గుమ్మం దగ్గర ఐలేశం కనబడ్డాడు. వెంట ఒక ముసలమ్మ, ముప్పయ్యేళ్ల మనిషి ఒకడు ఉన్నారు. ఆ మనిషి చంకలో మడతపెట్టిన నల్లటి గొంగడి ఉంది.

"గీయన మా ఊరి గొర్లు గాసే కురుమ బీరన్న, సారు. గీమె ఆయన్ను కన్న అవ్వ గుర్వమ్మ," అన్నాడు ఐలేశం. "ఎలుగు సంగతి జర వీళ్లను గూడ అడుగుండ్రి."

జడ్జీగారు గడియారం చూసుకుని, సరే, రెండు నిమిషాలన్నారు. గుర్వమ్మ తిన్నగా బల్లదగ్గరికి వచ్చింది. దండ పక్కకు జరిపి, సీసా మూత తీసి, ఆ బొచ్చును రెండు వేళ్లమధ్య నలిపి చూసింది.

"గిది నా వడుకు," అంది. "మా నల్లగొర్రె ఉన్ని. నేను ఏడాదంత గూసోని వడికిన. దీనికి ఊదుబత్తెందుకు ముట్టిచ్చిండ్రు?"

బీరన్న గొంగడి విప్పి బల్లమీద పరిచాడు. ఒక చిల్లి సరిగ్గా మనిషి గుండె ఉండేచోట ఉంది. ఇంకొకటి దానికి జానెడు కింద. గుర్వమ్మ సీసాలోని కుచ్చు తీసి పై చిల్లిమీద పెట్టింది. అది సరిగ్గా అమిరింది. మూడేళ్లలో మా కృష్ణయ్యగారి గురి కుదిరింది ఆ ఒక్కసారే.

"ఏం జరిగిందో చెప్పు," అన్నారు జడ్జీగారు.

"ఏం లేదు సారు," అన్నాడు బీరన్న, తప్పు తనదే అన్నట్టు. "మంద కాడ నేనొక్కన్నే ఉంట. నీళ్లకు పోవాల్నంటే గొర్రెలనిడిసి పోవొస్తదా? తోడేండ్లు కాసుకోని ఉంటయి. అందుకే అడివి దిక్కు రెండు కట్టెలు పాతి, వాటికి గొంగడి కప్పి, పైన రుమాలు సుట్టి పోత. మా నాయిన గట్లనే జేసేటోడు, మా తాత గట్లనే జేసేటోడు. తోడేలు దూరంకెల్లి సూసి, మనిషున్నడనుకోని మర్లిపోతది."

"తోడేలుకు తెలిసింది మనిషని," అంది గుర్వమ్మ. "గీ సార్లకు తెల్వకపాయె."

 మొదట తేరుకున్నది కృష్ణయ్యగారు.

"అయితే అది ఎలుగుబంటి కాదా?" అన్నారు. నమ్మిన దోస్తు చేతిలో మోసపోయినవాడిలా ఉంది ఆయన ముఖం. షాద్‌నగర్‌లో ఆయనకు ఇచ్చిన సన్మానపత్రం అప్పటికే అద్దం కట్టించి గోడకు తగిలించారు.

సుగుణమ్మగారు కళ్లు తుడుచుకుని, "అమ్మయ్య! అయితే ఏ ప్రాణీ చావలేదన్నమాట," అన్నారు. ఆమె ముఖం వికసించింది. మూడు పిల్లల గురించి మాట్లాడినాయన కూడా ఊపిరి పీల్చుకున్నారు. ఎలుగుబంటి కోసం మూడు గంటలు కారిన కన్నీళ్లు గొంగడి అనగానే ఆరిపోయాయి.

పెన్ను నా చేతిలోనే ఉంది. కాని నాకు రాయబుద్ధి కాలేదు. ఆ చిల్లిలోంచి బల్ల చెక్క కనబడుతున్నది. నీళ్ల చెలిమె ఇంకో పాతిక గజాలు దగ్గరగా ఉంటే, బీరన్న అప్పటికే తిరిగి వచ్చి, ఆ వానకు అదే గొంగడి తలమీదుగా కొప్పెర పెట్టుకుని అక్కడే నిలబడి ఉండేవాడు. నేను వార్త అదే రాసేవాణ్ణి. అక్షరం కూడా మారేది కాదు.

"నీకేం కావాలి బీరన్నా? కొత్త గొంగడి ఇప్పించమంటావా?" అని జడ్జీగారు దయగా అడిగారు.

"గొంగడి ఉన్నది సారు. అవ్వ చిల్లులు కుడ్తది. కప్పుకోనిస్తలేదు, గదీ ఫికరు. రెండు నెలల సంది వానల తడుస్తున్న."

"ఎట్ల కప్పుకోనిద్దు?" అంది గుర్వమ్మ. "నాకు ఒక్కడే కొడుకు. గొంగడేస్తే ఎలుగని కొడ్తిరి. తెల్లదుప్పటేస్తే కొంగని కొట్టరా?"

కొంగ అన్న మాట వినగానే కృష్ణయ్యగారు తలెత్తి చూశారు. అది నేను గమనించాను.

జడ్జీగారు చిరునవ్వుతో తీర్మానం కాగితం చేతిలోకి తీసుకున్నారు. "ఇక భయం లేదమ్మా. ఇదిగో, ఇప్పుడే తీర్మానించాం. ఆశ్వయుజం ఆఖరుదాకా ఎలుగుబంట్లను మండలివాళ్లెవరూ కాల్చరు. నీ కొడుకు నిశ్చింతగా గొంగడి కప్పుకోవచ్చు," అన్నారు.

బీరన్న ఆ కాగితం వైపు చాలా మర్యాదగా చూశాడు. గొంగడి మడతపెట్టి చంకన పెట్టుకున్నాడు. వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"మంచిది సారు. ఆశ్వయుజం దాక కప్పుకుంట," అన్నాడు. "కార్తీకంల చలి మొదలైతది. గప్పటికెల్లి ఎనిమిది నెలలు నేను మనిషినని యాడ రాయిచ్చుకోవాలె?"

జడ్జీగారు కాగితం అటూ ఇటూ తిప్పారు. వెనకవైపు ఖాళీగా ఉంది. ప్రశ్నలు సభ్యుల ద్వారానే రావాలని, బీరన్న ఏ సంఘంలోనూ సభ్యుడు కాడని కార్యదర్శి ఎవరో గుర్తుచేశారు. అందరూ లేచి టీకి వెళ్లారు. ఆనాటి సభ జయప్రదంగా ముగిసిందని రెండు సంఘాలవారూ వేరువేరుగా నాకు చెప్పారు.

వేట మనదేశానికి మేలు చేస్తున్నదని నేను ఇప్పటికీ వాదిస్తాను. ఎంతోమంది పెద్దలను ఒకచోట చేర్చి ధర్మం గురించి ఆలోచింపజేసే శక్తి దానికి తప్ప దేనికుంది? కాకపోతే పత్రికా ధర్మం కూడా ఒకటుంది గనుక, పాఠకులకు ఈ సవరణ మనవి చేసుకుంటున్నాను.

ఆషాఢమాసపు సంచికలో "గుండ్లగుట్టలో ఆరడుగుల ఎలుగు హతం" అని రాసింది తప్పు. ఆరడుగులు కాదు, ఐదున్నర. ఎలుగు కాదు, బీరన్న. హతం కాలేదు; ఆ సమయానికి నీళ్లకు పోయాడు.