పురుషోత్తం గారి మొగలి వాసన

మా వార్డు నాయకులు పురుషోత్తం గారు తమ వాసనను ట్రేడ్‌మార్కు చేయించుకుంటున్నట్టు ఆదివారం పొద్దున ఆటోకు మైకు కట్టి చిలకలగూడ అంతటా ప్రకటించారు. ఎవరో టైర్లకు గులాబీ వాసన పూసి, అది తమ సొంతమని చట్టం చేత అనిపించుకుంటున్నప్పుడు, మూడు ఎన్నికలు గెలిచిన మనిషికి సొంత వాసనంటూ లేకపోవడం ప్రజాస్వామ్యానికే చిన్నతనమట. వింటూ ఉప్పొంగిపోయాను. పొయ్యి మీద పప్పు మాడింది.

సార్‌ది మొగలి వాసన. మా వీధి చివర మురుగు నాలాను చూడటానికి ఆయన తరచూ వస్తుంటారు. వచ్చే ముందు పీఏ తుకారాం దోమల మందు పంపు వీపుకు తగిలించుకుని నాలా పొడవునా మొగలినీళ్లు కొడతాడు. తర్వాత సార్ దిగి, గట్టిగా ఊపిరి పీల్చి, "ఏందీ, ఏ వాసనా లేదు కదా" అంటారు. ఫొటో దిగి వెళ్తారు. అంత నిజాయితీ గల ముక్కును నేను ఇంకెక్కడా చూడలేదు.

చిక్కల్లా మా పక్కింటి గ్లోరియాతో వచ్చింది. ఆమె ఇంట్లోనే బిర్యానీ వండి అమ్ముతుంది. దమ్ముకు మూత పెట్టే ముందు మొగలినీళ్లు చల్లుతుంది. తుకారాం లాయరు నోటీసు పట్టుకొచ్చాడు.

"మొగలి బంద్ చేయాలె అక్కా. నువ్వు మూత తీస్తే సార్ వచ్చిండనుకొని జనం లేచి నిలబడుతున్నరు."

"ప్లేట్లు పట్టుకుని నిలబడుతున్నారు తమ్ముడూ."

"గదే తక్లీఫ్. సార్ ఇమేజ్ ఖరాబైతున్నది."

గ్లోరియా నా దగ్గరకొచ్చి కూలబడింది. "క్రిస్మస్ ఆర్డర్లు నెత్తి మీదున్నాయక్కా. ఈ బిర్యానీ హండీ ఆగితే మా ఇల్లు ఆగినట్టే."

నేను వెంటనే వెళ్లి సార్‌ను అభినందించాను. ట్రేడ్‌మార్కు దక్కాలంటే ఆ వాసన తగలగానే జనానికి సారే గుర్తుకు రావాలనీ, అందుకు సాక్ష్యం కావాలనీ అక్కడ లాయరు గారు చెబుతున్నారు.

"సాక్ష్యానికేం కరువు సార్? వార్డు జనానికి కళ్లకు గంతలు కట్టి వాసన చూపించండి. వీడియో తీయించండి" అన్నాను.

సార్ కళ్లు చెమర్చాయి. "మీవంటి చదువుకున్న ఆడవాళ్లు పాలిటిక్స్‌లకు రావాలమ్మా."

కమ్యూనిటీ హాల్లో సభ పెట్టారు. ముందుగా నాలా పక్కన ఉండే బుచ్చమ్మ వచ్చింది. మొగలి దూది ముక్కు దగ్గర పెట్టగానే, గంతలతోనే చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుంది.

"ఏం గుర్తుకొచ్చింది?" అన్నారు లాయరు గారు.

"నాలా."

"జెర గట్టిగ పీల్చవ్వా" అన్నాడు తుకారాం.

"గట్టిగ పీలిస్తే పెద్ద నాలా బిడ్డా."

తర్వాత వచ్చినవాళ్లంతా నాలా అనే అన్నారు. లాయరు గారు వీడియో ఆపబోతే సార్ ఆపనివ్వలేదు. "నాలా ఎవరిది అవ్వా? జెర చెప్పు" అని తామే బుచ్చమ్మను అడిగారు.

"నీదే సారూ. గీ వాసనొచ్చిందంటే నువ్వొచ్చి పోయినవ్, ఇగ నాలా గిట్లనే ఉంటదని మాకు ఎరుకే."

హాలంతా చప్పట్లు కొట్టింది. ఇంత ఏకగ్రీవమైన సాక్ష్యం తన జన్మలో చూడలేదన్నారు లాయరు గారు.

సాయంత్రానికి వీడియో అందరి ఫోన్లలోకీ చేరింది. మర్నాడు సార్ దరఖాస్తు వెనక్కు తీసుకున్నారు. ఒక ఆడకూతురి పొయ్యి ఆరకూడదన్న పెద్ద మనసుతోనేనని ఆటోలో ప్రకటించారు.

గ్లోరియాకిప్పుడు ఏ అడ్డూ లేదు. అయితే ఆమె హండీ మూత తీస్తే కొనడానికి వచ్చిన ఆడవాళ్లు కుచ్చిళ్లు పైకెత్తుకుంటున్నారు. మొగలి మానేసి యాలకులు దంచి వేయడం మొదలుపెట్టింది. ఆర్డర్లు తిరిగొచ్చాయి. వాటి వెనకే తుకారాం వచ్చాడు, ఖాళీ పంపు వీపున వేసుకుని.

"సార్‌కు కొత్త వాసన కావాలె అక్కా, జనం ఇష్టపడేది. బిర్యానీల ఏమేస్తున్నవ్ గిప్పుడు?"

గ్లోరియా నోరు తెరిచేలోపు నేనే చెప్పాను. "ఇంగువ."

శుక్రవారం తుకారాం నాలా పొడవునా ఇంగువనీళ్లు కొట్టాక సార్ వచ్చారు. కారు దిగి, గట్టిగా ఊపిరి పీల్చారు.

"ఏందీ, ఏ వాసనా లేదు కదా" అన్నారు. ఫొటో దిగారు.