తుంగకుంట బెగ్గురు జంట

"మొదటి ప్రణాళికలో మనుషుల సంగతి చూశాం. రెండో ప్రణాళికలో ఆనకట్టల సంగతి చూశాం. మూడో ప్రణాళిక పక్షులది!" అని నీటిపక్షుల సంరక్షణ శాఖామాత్యులవారు తిరుమలగిరి అంగడి మైదానంలో ప్రకటించారు.

మనుషుల సంగతి ఎప్పుడు చూశారో గుర్తుకు రాక, జనం చప్పట్లు కొంచెం ఆలస్యంగా కొట్టారు. కొట్టినవాళ్లలో కురుమ గుర్వయ్య ఒకడు. పొట్టేలును అమ్ముకుందామని అంగడికి వచ్చినవాణ్ణి పట్టుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. పొట్టేలును కూడా.

"మన తుంగకుంటలో ఒకప్పుడు బెగ్గురు కొంగలుండేవి," అన్నారు మంత్రిగారు. "మనిషంత ఎత్తు, బూడిదరంగు ఒళ్లు, ఎర్రటి తల! ఆ జాతి అంతరించిపోతోంది. వాటిని తిరిగి రప్పించేదాకా నేను నిద్రపోను. నేటి నుంచి తుంగకుంటలో మనిషి గాని, పశువు గాని కాలు పెట్టరాదు."

గుర్వయ్య చేతులు అక్కడికక్కడే ఆగిపోయాయి. ఎండాకాలం వస్తే ఆ చుట్టుపక్కల బావులన్నీ ఎండి, గొర్లకు నీళ్లు దొరికేది ఒక్క తుంగకుంటలోనే. పొట్టేలు మాత్రం మంత్రిగారి మెడలోంచి జారిన బంతిపూల దండను ప్రశాంతంగా తింటూ ఉంది.

అన్నమాట ప్రకారం స్పెషలాఫీసరు గారు దిగారు. ఆయన పనితనం గురించి ఎంత చెప్పినా తక్కువే. మంత్రిగారు వచ్చి చూసినప్పుడు పక్షులు తేటగా కనబడాలి గనుక, అడ్డమొచ్చే తుంగను, జమ్మును వేళ్లతో సహా పీకించారు. బురద అసహ్యంగా ఉందని తోడించి ఇసుక పోయించారు. నత్తలను తట్టలకెత్తి పారబోయించారు. గట్టు మీది రాళ్లకు సున్నం వేసి, జాజుతో పట్టెలు తీయించారు. కుంట కడిగిన కంచంలా తయారైంది. కడిగిన కంచంలో తినడానికేమీ లేదని చూసి, ఏళ్ల తరబడి అక్కడే ఉన్న కొక్కెరలు, జంబుకోళ్లు ఆ వారంలోనే లేచిపోయాయి.

చుట్టూ ముళ్లకంచె లేచింది. బోర్డు లేచింది: మనుషులు ప్రవేశించరాదు, పక్షులకు స్వాగతం. కావలికి బాలస్వామిని వేశారు. వరసకు గుర్వయ్యకు అల్లుడవుతాడు.

"మామా, గొర్లనాపు. గీడికెంచి పిట్టల జాగా."

"ఏడున్నయిరా పిట్టలు?"

"వస్తయట. ఆర్డరు పోయింది."

గుర్వయ్య ఆఫీసరు గారి డేరా ముందర చేతులు కట్టుకు నిలబడ్డాడు. "సారూ, మూగజీవాలు. నీళ్లకు నాలికలు ఎళ్లబెడుతున్నయి. జర తాగి ఎల్లిపోతయి."

"పక్షులకు భంగం కలుగుతుందయ్యా."

"పక్షులు లేవు గద సారూ?"

"లేని పక్షులకే భంగం కలిగిస్తే, వచ్చే పక్షులు మన గురించి ఏమనుకుంటాయి?"

ఇంత ముందుచూపు గల మాట విని గుర్వయ్య గొర్లను వెనక్కి మళ్లించాడు.

మంత్రిగారి రాక ఖాయమైన రోజు పొద్దున, బాలస్వామితో సహా అందరూ రోడ్డు మీద మామిడి తోరణాలు కడుతున్నారు. అంతకుముందు రెండు గొర్రెపిల్లలు దప్పికతో ఒరిగిపోయాయి. గుర్వయ్య ఇక ఆగలేదు. కంచె ఎత్తిపట్టి గొర్లను లోపలికి తోలాడు. భార్య బీరమ్మ వెనక నుంచి అదిలించింది. గొర్లు నీళ్లలో మూతులు పెట్టాయి. గుర్వయ్య మోకాలిలోతు నీళ్లలోకి దిగి, అలవాటు కొద్దీ ఒక కాలు మడిచి రెండో మోకాలికి ఆనించి, కర్ర మీద గడ్డం మోపి నిలబడ్డాడు. మందల వెంట తిరిగేవాళ్లందరూ అలాగే నిలబడతారు. ఒంటి మీద ఎండకూ వానకూ వెలిసి బూడిదరంగుకు వచ్చిన గొంగడి. తలకు ఎర్ర రుమాలు.

ఆ రోజు మంత్రిగారు చెప్పిన వేళకే వచ్చారు. ఆ జిల్లాలో అంతటి ఉపద్రవం అంతకుముందెన్నడూ జరగలేదు.

గట్టు మీద నిలబడి దుర్భిణి కళ్లకు పెట్టుకోగానే మంత్రిగారు పులకించిపోయారు. "ఆహా! అదుగో! ఒంటికాలి మీద ఎంత ఠీవిగా నిలబడిందయ్యా!"

ఆఫీసరు గారు తన దుర్భిణిలో చూశారు. మంత్రిగారి కళ్లను తప్పుపట్టడానికి ఆయన సర్వీసు చాలదు. "చిత్తం సార్," అన్నారు.

"పక్కన వంగింది ఆడదా?"

"గుడ్లు పెట్టడానికి జాగా చూసుకుంటోంది సార్."

"మరి ఆ నల్లవి?"

"నీటికాకులు సార్."

"మే మే అంటున్నాయేమిటి?"

"వేసవిలో గొంతు మారుతుంది సార్."

అప్పుడే బీరమ్మ తలెత్తి చూసి కేకేసింది. "ఓ అయ్యా! గట్టు మీద ఎవలో వచ్చిండ్రు! ఉరుకుదామా?"

"బెగ్గురు కూత!" అన్నారు మంత్రిగారు, కళ్లు మూసుకుని. "ఎంత గంభీరం!"

"కదలకే," అన్నాడు గుర్వయ్య పెదవులు కదపకుండా. "కదిల్తే గొర్లను బందెలదొడ్ల ఏస్తరు. తాగనీ."

ఆ మర్నాడు పత్రికల్లో వచ్చింది: అంతరించిందనుకున్న జాతి మళ్లీ వచ్చిందని, శాఖ కృషి ఫలించిందని. ఆ సాయంత్రమే బాలస్వామి వచ్చి గుర్వయ్యను డేరాకు తీసుకుపోయాడు. జుర్మానా వేస్తారనుకుంటూ గుర్వయ్య దారిపొడుగునా దేవుళ్లకు మొక్కాడు. ఆఫీసరు గారు ఎదురొచ్చి పీట వేయించారు.

"గుర్వయ్యా, నేటి నుంచి నువ్వు బెగ్గురువి."

"గదేంది సారూ?"

"పెద్దవాళ్లు వచ్చినప్పుడల్లా దిగి నిలబడాలి. నీ భార్య కూడా. బెగ్గురులు జంటగానే ఉంటాయని పుస్తకంలో ఉంది."

"మడిసినైతే కాలు పెట్టనియ్యలే. పిట్టనైతే పెట్టొచ్చా?"

"పిట్టల కోసమే కదయ్యా ఇదంతా."

"మరి నా గొర్లు?"

ఆఫీసరు గారు కొంచెం ఆలోచించారు. "నీటికాకులకు అభ్యంతరం లేదు."

బీరమ్మ వినగానే ఎగిరిపడింది. "నేను పిట్టనైతే పొద్దుగాల గట్క ఎవడు వండుతడు?" అయితే మర్నాటి సాయంత్రం గొర్లు కడుపులు నిండి మందకు రావడం చూసి, తన పాత గొంగడిని దులిపి బయటపెట్టింది.

అలా ఒక ఎండాకాలం గట్టెక్కింది. గొర్లు బతికాయి.

రెండో ఎండాకాలానికి, తుంగ పీకించే ఫైలు హైదరాబాదులో ఎక్కడో ఆగిపోయింది. అడిగేవాడు లేక తుంగ మొలిచింది. ఇసుక మీద బురద పేరుకుంది. నత్తలు పాకాయి. ఢిల్లీ నుంచి పెద్ద పక్షి పండితుడు వస్తున్నాడని, గుర్వయ్య, బీరమ్మ పొద్దున్నే దిగి నిలబడ్డారు. తుంగ చాటున ఏదో కదిలింది.

గుర్వయ్య మెల్లగా తల తిప్పాడు. మనిషంత ఎత్తు. బూడిదరంగు ఒళ్లు. ఎర్రటి తల. ఒకటి కాదు, జంట. చిన్నప్పుడు వాళ్ల బాపు భుజాల మీదికెక్కించుకుని చూపించిన తర్వాత మళ్లీ ఇప్పుడే చూడడం. వాటిలో ఒకటి అతని పక్కకే వచ్చి, అతని వంక ఒకసారి చూసి, కాలు మడిచి నిలబడింది.

"బీరీ," అన్నాడు గుసగుసగా. "వచ్చినయే."

గట్టు మీద ఆఫీసరు గారు దుర్భిణి దించారు. "బాలస్వామీ, నాలుగెందుకున్నాయి?"

"రెండు కొత్తయి సారూ. అసలుయి. ఎగిరొచ్చినయి."

"ఎగురుతాయా?" ఆఫీసరు గారు రోడ్డు వైపు చూశారు. "ఢిల్లీ దొరగారి ముందర ఎగిరిపోతే జవాబు ఎవరు చెప్పాలి? మనవాళ్లయితే చెప్పేదాకా కదలరు. వాటిని వెళ్లగొట్టు."

బాలస్వామి వడిసెలలో రాయి పెట్టి తిప్పాడు.

"అరె బాలస్వామీ! వద్దురా! అసలుయిరా అవి!"

"పిట్ట మాట్లాడొద్దు మామా!"

రాయి నీళ్లలో పడింది. గుర్వయ్య మడిచిన కాలు కిందికి దించాడు. ఒక్క అడుగు వేశాడు. బీరమ్మ చెయ్యి అతని గొంగడిని పట్టుకుంది. "ఓ అయ్యా," అంది మెల్లగా, "గొర్లు ఇంకా తాగుతున్నయి."

గుర్వయ్య గొర్ల వంక చూశాడు. కాలు మళ్లీ మడుచుకున్నాడు.

రెండో రాయికి బెగ్గురులు లేచాయి. కుంటంతా మారుమోగేలా కూసి, గుట్టల మీదుగా సాగిపోయాయి. అదే సమయానికి జీపు వచ్చి ఆగింది. పండితుడు దిగుతూనే ఆకాశం వైపు చెయ్యి చూపాడు. "అవేమిటి?"

"ఇక్కడ మామూలే సార్, గద్దలు," అన్నారు ఆఫీసరు గారు. "తమరు ఇటు చూడాలి."

పండితుడు దుర్భిణిలో చాలాసేపు చూశాడు. ఎంతో సంతోషించాడు. దించబోతూ మళ్లీ ఒకసారి కళ్లకు పెట్టుకున్నాడు.

"మగపక్షి కంట్లోంచి నీళ్లు కారుతున్నాయే?"

"నీటిపక్షి కదా సార్," అన్నారు ఆఫీసరు గారు.