అధికారిక దరిద్రుడు

ఎనోక్ ట్వైమన్‌కు హాగ్‌బెన్ దొర మీదున్న కోపం ఒక్కటే. ప్రతి శనివారం ఆ దొర వచ్చి అతని జావగిన్నెలో చెంచా పెడతాడు.

నిజానికి అందులో దొరగారి తప్పేమీ లేదు. వింగ్‌బరీలో గతిలేనివారి కోసం కొత్తగా పనిశాల కట్టారు. మూడంతస్తుల ఎర్ర ఇటుక భవనం, నెత్తిన గడియారం, లోపల మొగుడికో వైపు, పెళ్లానికో వైపు, పిల్లలకో వైపు. ఇంత వైభోగానికి తిండి కూడా తోడైతే ఊరంతా వచ్చి పడుతుందని చట్టం ముందే గ్రహించింది. కాబట్టి లోపలి తిండి, బయట సొంత కష్టం మీద బతికే అతి పేద కూలీ తిండికన్నా సరిగ్గా ఒక మెట్టు తక్కువుండాలి. ఆ అతి పేద కూలీగా ధర్మకర్తల మండలి ఎనోక్‌ను ఏకగ్రీవంగా ఎన్నుకుంది. మండలి అధ్యక్షుడు హాగ్‌బెన్ దొర. ఎనోక్‌కు కూలి ఇచ్చేదీ ఆయనే గనుక ఎంపికలో పొరపాటుకు తావులేదు.

దొర బగ్గీ దిగి, బార్లీ జావ రుచి చూసి, పనిశాల వంటవాడికి కబురు పంపేవాడు: ఇంకో బకెట్టు నీళ్లు.

పదవితో పాటు ఎనోక్‌కు పలుకుబడీ పెరిగింది. అతను దారిన పోతుంటే పనిశాల గోడ మీంచి ముసలాళ్లు కేకలేసేవారు.

"ఒరే ఎనోకూ, నీకు పుణ్యముంటుంది, కాస్త మాంసం తినరా! నువ్వు తింటేనే గదా మాకు వాసనైనా తగిలేది!"

"నాకెక్కడిది తాతా?"

"దొంగతనం చెయ్యి! మా కోసం ఆ మాత్రం చెయ్యలేవా?"

ఎనోక్ దొంగతనం చేయలేదు. అంతకన్నా పెద్ద నేరం చేశాడు. దొర దగ్గరే కౌలుకు తీసుకున్న పావు ఎకరం నేలచెక్కలో, పెళ్లాం కెజియాతో కలిసి తెల్లారకముందే లేచి తవ్వి, బంగాళాదుంపలు వేశాడు. విరగకాశాయి. తొక్కలు మేసి వాళ్ల పంది బలిసింది. ఓ శనివారం గిన్నెలో దుంపల మధ్య పందిమాంసం ముక్కలు తేలాయి.

దొర చెంచా పెట్టాడు. మళ్లీ పెట్టాడు.

"ఏం దొరగారూ, ఉప్పెక్కువైందా?" అంది కెజియా.

"లేదమ్మా," అన్నాడు దొర మూడోసారి వడ్డించుకుంటూ. "ఇది చాలా ఘోరం."

మర్నాడే మండలి అత్యవసరంగా సమావేశమైంది.

"సోదరులారా! పేదవాడు మాంసం తింటే నాకన్నా సంతోషించేవాడు లేడు. స్వయంగా మూడుసార్లు తిన్నాను. కానీ చట్టం చట్టమే. అతనికి మాంసమైతే, లోపలివాళ్లందరికీ కనీసం ఎముకలైనా వెయ్యాలి. ఒక్కడి కడుపు నిండినందుకు ఊరంతా దివాలా తీయాలా?"

"వద్దు! వద్దు!" అంది సభ.

ఎనోక్‌ను పిలిచి చేను ఖాళీ చేయమన్నారు.

"దొరగారూ, ఈ పదవికి ఇంకెవరినైనా చూసుకోండి. నా దుంపలు నాకుంచండి."

"నీకున్న అనుభవం ఇంకెవరికుందోయ్?"

"అయితే మేమిద్దరం పనిశాలకే వచ్చేస్తాం."

దొర అదిరిపడ్డాడు. "మతుందా నీకు? నువ్వు లోపలికొస్తే, బయట దేన్ని చూసి కొలవాలయ్యా?"

ఎనోక్ జావ మళ్లీ పలచబడింది. పనిశాల ఖర్చుకు ఊరు కట్టే పేదల పన్ను ఒక్క పెన్నీ పెరగలేదు. అతని అటకన వేలాడుతున్న మిగతా మాంసాన్ని సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని, మండలి విందులో క్షుణ్ణంగా పరిశీలించారు. పన్ను కట్టే మనమంతా ఆ విందుకెళ్లాం, దొరగారి తెలివికి చప్పట్లు కొట్టాం, మారు వడ్డించుకున్నాం.

ఎనోక్‌కు పోయింది పావు ఎకరం. అంతే.