హాల్లోకి వచ్చిన రైలు

తిరువూరుకు రైలొచ్చింది. అయితే అది సరాసరి మిల్లు యజమాని మధుసూదనరావు గారి హాల్లోకి వచ్చింది. ఊళ్లో స్టేషనంటూ ఉంటే అక్కడికే వచ్చేది, పాపం.

డెబ్బై నాలుగులో రావు గారు బెజవాడలో ఎవరింట్లోనో పాతకాలపు ఇంజన్ల నలుపు తెలుపు ఫొటోలు చూసి మనసు పారేసుకున్నారు. రైలు సాధన కమిటీకి అధ్యక్షుడై ఉండి, ఇంట్లో ఒక్క రైలైనా లేకపోతే బాగుండదు గదా. గోడల నిండా ఫ్రేములు వేలాడదీశారు. రంగుల కేలండరు దేవుళ్లు వంటింటికి బదిలీ అయ్యారు. కుర్చీలు రైలుపెట్టెలో మాదిరి ఎదురెదురుగా వెలిశాయి. పెనుగొలను నుంచి చూడవచ్చిన పెద్దమనుషులు కిటికీ పక్క కుర్చీ మీద ముందుగా తువ్వాలు వేసి, ఆ తర్వాతే కాళ్లు కడుక్కునేవారు.

రావు గారి తల్లి సుబ్బాయమ్మ గారు రోజూ పోయిన భర్త ఫొటోకు దండ వేస్తారు. ఆ పక్కనే వెలిసిన పెద్ద ఇంజనుకూ బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. రావు గారికి తల కొట్టేసినట్టయింది.

"అది పోయింది కాదమ్మా, రావాల్సింది" అన్నారు దండ తీసేస్తూ.

"అట్టాగా? గోడకెక్కేది పోయినోళ్లేగా అనుకున్నా. సర్లే నాయనా, దండ దాచిపెడతా."

'ప్రాణమైనా ఇస్తాం, రైలు తెస్తాం' అని రావు గారు ప్రతి సభలోనూ గర్జించేవారు. ఆ మాట పైవాళ్ల చెవిన పడ్డట్టుంది. సర్వేవాళ్లు వచ్చి కొలతలు వేసి, రావు గారి తండ్రి నాటిన మామిడితోట నడిమధ్యన ఎర్రజెండా పాతారు. ప్రాణం అడిగి ఉంటే రావు గారు ఇచ్చేవారే. వాళ్లు భూమి అడిగారు.

మర్నాడే సభ పెట్టారు. "రైలు పొగకు పత్తి నల్లబడుతుంది, కోళ్లు గుడ్లు మానేస్తాయి, మన సంస్కృతి పట్టాల పాలవుతుంది" అని రావు గారు కంటతడి పెట్టారు. కమిటీలోని వెంకటప్పయ్య గారు లేచి, పట్టాలు ఎవరి పొలంలోంచైనా పోవచ్చుగా అని అడిగారు. అందరూ సభకు రానివాళ్ల పొలాలు చూపించారు. చివరికి రైలు సాధన కమిటీ ఏకగ్రీవంగా రైలు నివారణ కమిటీ అయింది. అధ్యక్షుడు ఆయనే. అర్జీ మీద మనమంతా సంతకాలు పెట్టాం.

సర్వేవాళ్లు జెండా పీకేసుకుపోయారన్న కబురు వచ్చిన నాడు సుబ్బాయమ్మ గారు కొత్త దండతో హాల్లో నిలబడ్డారు.

"ఇప్పుడు వెయ్యొచ్చా నాయనా?"

రావు గారే స్టూలు తెచ్చి వేసి, తల్లి పడకుండా పట్టుకున్నారు.

మంచి రోజు చూసి మనల్నందర్నీ భోజనానికి పిలిచారు. వరసగా వెళ్లి ఇంజనుకు దణ్ణం పెట్టాం. గారెలు బాగున్నాయని మళ్లీ వడ్డించుకుని తిన్నాం. తిని, హడావుడిగా లేచాం. మధిరలో రైలందుకోవాలి గదా. బస్సులో కిటికీ పక్క సీటు మీద తువ్వాలు ముందే వేసి వచ్చాం.