ఇక్కడ చేపల్లేవు

ఆ శనివారం పొద్దున ఓస్మో వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి హార్డ్‌వేర్ కొట్టుకు వెళ్లి వంటింటి కుళాయికి కొత్త స్పిండిల్, అంటే పిడితోపాటు తిరిగే లోపలి ఇత్తడి మర, కొనడం, పదింటికి ఇంటికొచ్చి బిగించడం, పదిన్నరకి రెండో కాఫీ తాగడం. అంతే. ఇంత చిన్న పథకం కూడా తప్పిపోగలదని యాభై ఆరేళ్ల మనిషికి తెలియకుండా ఉండదు. తెలుసు కాబట్టే పొద్దున్నుంచీ అతని కాలు ఒకచోట నిలవడం లేదు.

ఆ కుళాయి అక్టోబరు నుంచి కారుతోంది. మొదటి చుక్క పడ్డ రోజున "రేపు చూస్తా" అన్నాడు. ఆ తరువాత సరస్సు గడ్డకట్టింది, రోడ్లు గడ్డకట్టాయి, కుళాయి ఒక్కటీ గడ్డకట్టలేదు. ఇప్పుడు మార్చి.

"కింద వాల్వ్ కట్టేశాను" అంది భార్య రైయా, రొట్టె మీద వెన్న రాస్తూ. "ఇంక చుక్కలూ లేవు, నీళ్లూ లేవు. రెండింటి దాకా చూస్తా. అప్పటికీ కాకపోతే తైస్తోని పిలుస్తా."

"తైస్తో ఎందుకు, నేనున్నాగా."

"ఉన్నావు. అక్టోబర్లోనూ ఉన్నావు."

తైస్తో కింది వాటాలో ఉంటాడు. పని చేసేటప్పుడు ఈల వేస్తాడు, అయిపోయాక నేల తుడిచి వెళతాడు. మూడేళ్ల కిందట వీళ్ల రేడియేటర్ బాగుచేశాడు. అప్పటినుంచీ ప్రతి చలికాలం రైయా దాని మీద చెయ్యి వేసి "తైస్తో బిగించింది కదా" అంటుంది. మామూలుగానే అంటుంది. కానీ ఓస్మోకి కళ్లు మూసుకుంటే ఒక దృశ్యం కనబడుతుంది. తన వంటింటి సింకు కింద తైస్తో వెల్లకిలా పడుకుని, ఈల ఆపకుండానే చెయ్యి చాపుతాడు, పానా అందివ్వమని. తను అందిస్తాడు.

కొట్టువాడు అరలన్నీ వెతికి చిన్న కాగితం పొట్లం తీశాడు. "అదృష్టవంతుడివి. ఈ పాత రకంలో ఇదొక్కటే మిగిలింది. ఇంక రావు."

ఇంటికి వెళ్లే దారి సరస్సు పక్కగా పోతుంది. అందులో ఓస్మో తప్పేమీ లేదు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా అతని కారు డిక్కీలో మంచు తొలిచే బర్మా, పొట్టి గాలం, ముక్కాలి పీట ఉంటాయి. అందులోనూ కొత్త ఏమీ లేదు. ఎండ మంచు మీద పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతోంది. గంట తొమ్మిదిన్నర. పదిహేను నిమిషాలు, అనుకున్నాడు.

ఓస్మో ఎప్పుడూ రెండు చోట్ల ఉండేవాడు, ఉన్న చోటొకటి, ఉండవలసిన చోటొకటి. గాలం పట్టుకుంటే కుళాయి గుర్తొచ్చేది, కుళాయి దగ్గర నిలబడితే గాలం గుర్తొచ్చేది. అసలు వేటలోని తీపి ఆ దొంగిలించిన పదిహేను నిమిషాలదే. ఆ సంగతి అతనికి తెలుసు, కానీ ఎప్పుడూ నిదానంగా కూర్చుని ఆలోచించలేదు. నిదానంగా కూర్చోవడమే అతనికి చేతకాదు.

కారు ఆపి, గడ్డకట్టిన సరస్సు మీదికి నడిచి కన్నం తొలిచాడు. తేలిన మంచుముక్కలని చిల్లుల గరిటెతో తోడేశాడు. ఎర పురుగుల డబ్బా కోసం జేబులో చెయ్యి పెట్టి, చలికి మొద్దుబారిన వేళ్లతో లాగాడు. డబ్బాతోపాటు కాగితం పొట్లమూ వచ్చింది. పొట్లం చిరిగింది. బుడుంగుమని చిన్న చప్పుడైంది.

ఓస్మో మంచు మీద బోర్లా పడుకుని, వెలుతురు అడ్డుపడకుండా కోటు తల మీద కప్పుకుని కన్నంలోకి చూశాడు. నిలువెత్తు లోతైనా లేదు. అడుగున ఇసకలో, నాచు పక్కన, స్పిండిల్ బంగారంలా మెరుస్తోంది. కారులోంచి అయస్కాంతం తెచ్చి దారం కట్టి దింపాడు. అది సరిగ్గా వెళ్లి స్పిండిల్‌ని తాకి, ఒంటరిగా పైకి వచ్చింది. మళ్లీ దింపాడు. మూడోసారికి గానీ ఇత్తడికి అయస్కాంతం అంటదని గుర్తు రాలేదు. ఐదో తరగతిలో ఆ ప్రశ్నకు జవాబు రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాడు.

గాలం ముల్లుతోనే తగిలించాలని నడుం బిగించాడు.

ఆ సరస్సు మీద ఎవరి చోటు వాళ్లది. నూరడుగుల దూరంలో కూర్చుంటారు, పలకరించుకోరు, ఎదురుగా చూసుకోరు. కానీ ప్రతివాడూ ఓరకంట పక్కవాడి మోచెయ్యి గమనిస్తూనే ఉంటాడు. చేప పడనివాడు పది నిమిషాలకి లేచి ఇంకోచోట కన్నం తొలుస్తాడు. కోటు నెత్తిన కప్పుకుని అరగంటసేపు బోర్లా పడుకున్నవాడు, దారం లాగి గొణుక్కుని వెంటనే మళ్లీ వదిలేవాడు ఊరికే ఉండడు. ఇది అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు.

ముందుగా హిల్కా వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, ఊరంతా పిన్నీ అనే పిలుస్తారు.

"ఏమన్నా ఉన్నాయా అబ్బాయ్?"

"ఏం లేవు పిన్నీ."

"ఊఁ" అని, పెద్దావిడ ఎనిమిదడుగుల దూరంలో బర్మా దించింది. ఆ సరస్సు మీద 'ఏం లేవు' అనే మాటకి ఉన్నది ఒకటే అర్థం.

తరువాత ఇద్దరు వచ్చారు. తరువాత ఐదుగురు. పిలవని పేరంటానికి వచ్చినట్టు అవతలి ఒడ్డు నుంచి కూడా పీటలు ఈడ్చుకుంటూ నడిచి వచ్చారు. పదకొండింటికి ఇరవైమంది. అడిగిన ప్రతివాడికీ ఓస్మో నిజమే చెప్పాడు.

"ఇక్కడ చేపల్లేవు."

"అవునవును" అంటూ బర్మా తిప్పారు.

నిజం పనిచేయలేదని అబద్ధం చెప్పి చూశాడు. "నిన్న ఆ రెల్లు పక్కన కిలో చేప పడింది. అక్కడికి వెళ్లండి."

"మరి నువ్విక్కడెందుకున్నావోయ్?" అన్నాడు ఒకడు.

పదకొండున్నరకి తెగించాడు. "పిన్నీ, నీతో చెబుతున్నా. వంటింటి కుళాయి స్పిండిల్ నీళ్లలో పడింది. దానికోసం చూస్తున్నా."

హిల్కా అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. తరువాత వెనక్కి తిరిగి, "కుళాయి సామాను పడిందంటున్నాడు" అని అందరికీ వినిపించింది. గుంపులో గౌరవంతో కూడిన కదలిక ఒకటి పుట్టింది. "మా ఆయన బతికున్న రోజుల్లో కళ్లజోడు పడిందనేవాడు" అంది. "ఆవేళ పదకొండు కిలోలు తెచ్చాడు."

ముప్పైకి చేరిన జనం బరువుకి మంచు కొద్దిగా కిందికి వంగి, కన్నాల్లోంచి నీళ్లు పైకి ఊరాయి. ఓస్మో ఛాతీ తడిసింది. ఇన్ని బర్మాల అదురుకి అడుగున ఒండు లేచి స్పిండిల్ కనబడడం మానేసింది.

"కాస్త దూరంగా జరగండయ్యా, మంచు వంగుతోంది."

"తరుముతున్నాడు" అని ఎవరో మెల్లగా అన్నారు. మరో నలుగురు దగ్గరికి జరిగారు.

పన్నెండున్నరకి తైస్తో వచ్చాడు. శుభ్రమైన చేతితొడుగులు, కొత్త బ్యాటరీ బర్మా, ఈల.

"కుళాయి ఎంతవరకు వచ్చింది ఓస్మో?"

"అయిపోయినట్టే."

తైస్తో తలూపి పక్కనే పీట వేసుకున్నాడు. ఒక్క పట్టులో కన్నం తొలిచాడు, అంచులు కూడా నున్నగా వచ్చాయి. అప్పుడే అతని జేబులో ఫోను మోగింది.

"ఆఁ, చెప్పు రైయా… అవునా… అయ్యో, పర్లేదు… ఇక్కడే ఉన్నాడు, నా పక్కనే. బోర్లా పడుకున్నాడు… లేదు, ఆరోగ్యం బానే ఉంది. చేపలమీదున్నాడు… సరే." ఫోను జేబులో పెట్టుకుని ఓస్మో వైపు జాలిగా చూశాడు. "రైయా వస్తోంది." అంతకుమించి చెప్పలేదు. తైస్తో అవసరం లేని మాట మాట్లాడడు.

ఓస్మో తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. పిలిచేసింది. రెండింటి దాకా కూడా ఆగలేదు. సింకు కింద నుంచి చాచిన చెయ్యి, ఈల, తుడిచిన నేల, అన్నీ వరసగా కళ్లముందు తిరిగాయి. ఇరవై ఎనిమిదేళ్ల కాపురంలో ఇంట్లో తనదంటూ ఉన్నది ఆ సగం సగం పనులే. అవి ఉన్నంతకాలం తను ఉండి తీరాలి. తైస్తో ఒక్కొక్కటే ముగించుకుంటూ పోతే చివరికి ఆ ఇంట్లో తను దేనికి? దారం ఆత్రంగా లాగాడు, నాచు వచ్చింది. మళ్లీ వదిలాడు. ముప్పై జతల కళ్లు అతని మోచేతితోపాటు కదిలాయి.

రైయా ఇంటి కోటుతోనే, రబ్బరు బూట్లతో నడిచి వచ్చింది. గుంపు దారి ఇచ్చింది. ఆమె భర్త తడిసిన ఛాతీని చూసింది, కన్నం అంచున చిరిగిన కాగితాన్ని చూసింది.

"పడేశావు కదూ" అంది.

ముప్పైమంది గంటన్నరపాటు నమ్మని నిజం ఆమెకు ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. ఓస్మోకి ఆ క్షణంలో ఏడుపూ ఊరటా ఒకేసారి వచ్చాయి.

రైయా జనం వైపు తిరిగింది. "మీరంతా ఇక్కడేం చేస్తున్నారు? ఇక్కడ చేపల్లేవు. ఈయన కుళాయి స్పిండిల్ పడేసుకున్నాడు."

"పెళ్లాం కూడా కలిసే ఉంది" అంది హిల్కా మెచ్చుకోలుగా.

ఓస్మో మోకాళ్ల మీద లేచాడు. "రెండింటికి ఇంకా గంట ఉంది రైయా. తైస్తోని పిలవకు."

"రెండింటికి రావాలేమోనని పొద్దునే తైస్తోకి చెప్పి ఉంచా. ఇంక రావద్దని చెప్పడానికే ఫోను చేశాను. నేనే బాగుచేశా."

"నువ్వా? దేంతో?"

"విప్పి చూశాను. స్పిండిల్‌కేం కాలేదు, వాషర్ అరిగింది. నీ డబ్బాలో పదహారు వాషర్లు ఉన్నాయి. పన్నెండు నిమిషాలు పట్టింది." ఆమె గొంతులో గొప్ప ఏమీ లేదు, దెప్పూ లేదు. "నువ్వు కంగారుపడుతుంటావని చెబుదామని వచ్చా. ఇంక నీకు ఏ పనీ లేదు. హాయిగా కూర్చుని పట్టుకో."

తైస్తో మీద యుద్ధానికి ఓస్మో మూడేళ్లుగా సిద్ధంగా ఉన్నాడు. దీనికి సిద్ధంగా లేడు.

పీట మీద కూర్చున్నాడు. ముల్లుకి ఎర గుచ్చి గాలం పట్టుకున్నాడు. ఇంట్లో ఏదీ కారడం లేదు. తను ఉండవలసిన చోటు ఇదే, ఉన్న చోటూ ఇదే. గాలం వట్టి పుల్లలా ఉంది, కన్నం వట్టి కన్నంలా ఉంది. ఒక నిమిషం గడిచింది. రెండో నిమిషం గడవలేదు.

"కాస్త పట్టుకుంటావా, బూటులో నీళ్లు పోయాయి" అని గాలం రైయాకి ఇచ్చి లేచాడు.

ఆమె కూర్చుంది. ఇంకా సర్దుకోకుండానే గాలం కొన వంగింది. రైయా లాగింది. పచ్చని ఒంటి మీద నల్లని చారలతో, మోచేతి పొడవు పెర్చ్ చేప మంచు మీద పడి ఎగిరింది. గుంపంతా ఒక్కసారిగా నిట్టూర్చింది.

"కుళాయి సామానట" అంది హిల్కా. ఇంక జన్మలో ఆ సరస్సు మీద ఓస్మో మాట ఎవరూ నమ్మరు.

తైస్తో పీట తీసుకుని రైయా దగ్గరికి వచ్చాడు. ఈల లేదు. "ఇక్కడ వేసుకోనా? ఇంకా ఉన్నాయా?"

రైయా కన్నంలోంచి కళ్లెత్తలేదు. "ఏం లేవు" అంది.

ఓస్మో ఒక్కడే ఇంటికి వెళ్లాడు. కుళాయి తిప్పాడు, కట్టాడు. చెవి పెట్టి విన్నాడు. చుక్క పడలేదు. మరోసారి గట్టిగా తిప్పి కట్టాడు, అప్పుడూ పడలేదు. రేడియేటర్ తడిమాడు, వెచ్చగా ఉంది. కిటికీలు, అలమరలు, బల్ల కాళ్లు అన్నీ చూసుకుంటూ గది గది తిరిగాడు. కాలుగాలిన పిల్లిలా రెండుసార్లు ఇల్లంతా చుట్టేశాడు.

సాయంత్రం ఆరు చేపలతో రైయా తిరిగి వచ్చేసరికి, నిక్షేపంలాంటి బాత్రూం గడియని ముక్కలు ముక్కలుగా విప్పి వంటింటి బల్లమీద పరిచి, ఓస్మో ఎంతో ప్రశాంతంగా కాఫీ తాగుతున్నాడు.