పద్నాలుగు ఎలుకల సాక్షిగా

వార్తకు ఆధారం అడిగేవాడంత మర్యాద తెలియని మనిషి లోకంలో ఇంకొకడు ఉండడు!

భోజనానికి పిలిచిన ఇంట్లో కూర్చుని, "ఈ ఉప్పు ఎక్కడ కొన్నారు? బిల్లు ఉందా?" అని అడుగుతారా మీరు? అడగరు. వడ్డించింది తింటారు, బాగుందంటారు, చేయి కడుక్కుంటారు. మరి పొద్దున్నే మేము 'పరిశోధనలో తేలింది' అని వేడివేడిగా వడ్డిస్తే, ఎవరి పరిశోధన, ఏ నీళ్లలో తేలింది, ఎవరు ముంచితే తేలింది అని ఉత్తరాలు రాయడం ఏం సంస్కారమండీ?

ఈమధ్య ఇలాంటి ఉత్తరాలు ఎక్కువయ్యాయి. ఒకాయనైతే మా నిపుణుల ఫోన్ నంబర్లు కావాలన్నాడు! అందుకే ఆధారం లేని ఆరోగ్య వార్త సమాజానికి ఎంత మేలు చేస్తోందో ఇవాళ కాస్త ఓపిగ్గా చెప్పదలచుకున్నాను.

ముందు నా అర్హతలు. పందొమ్మిదేళ్లుగా మా పేపర్లో ఆరోగ్యం పేజీ చూస్తున్నది నేనే. చదివింది చరిత్ర. మొదట స్పోర్ట్స్ డెస్క్‌లో ఉండేవాణ్ణి. పాత ఆరోగ్యం పేజీ ఆయన అనారోగ్యంతో ఉద్యోగం మానేశాక, ఏడాది మొత్తంలో ఒక్క సిక్ లీవూ పెట్టనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి ఆరోగ్యం మీద నాకు మంచి పట్టుందని ఎడిటర్ గారు నిర్ధారించారు. ఇంతకంటే శాస్త్రీయమైన ఎంపిక ఎక్కడైనా జరిగిందా?

ఇక నిపుణుల సంగతి. పేరున్న డాక్టరుతో పని చేసి చూడండి, తెలుస్తుంది. ఫోన్ ఎత్తడు. ఎత్తినా "చూడాలి", "ఇప్పుడే చెప్పలేం", "మనిషిని బట్టి ఉంటుంది" అని నీళ్లు నములుతాడు. "మనిషిని బట్టి ఉంటుంది" అన్న మాటకి హెడ్డింగ్ ఎలా పెట్టాలో మీరే చెప్పండి! వార్త వచ్చాక మళ్లీ ఫోన్ చేసి, "నేను అలా అనలేదండీ" అంటాడు. పేరులేని నిపుణుడు అలా కాదు. బంగారం లాంటి మనిషి. ఎప్పుడు అడిగినా, ఏది అడిగినా, మనం అనుకున్నదే అంటాడు. ఒక్కనాడూ ఖండించలేదు. పందొమ్మిదేళ్లలో ఆయన గొంతు నేనెప్పుడూ వినలేదు గానీ, సొంత బాబాయి కన్నా ఎక్కువ సాయం చేశాడు.

కాఫీనే తీసుకోండి. సోమవారం కాఫీ గుండెకి మంచిది. గురువారం కాఫీ గుండెకి చేటు. ఆదివారం మితంగా తాగితే మంచిది. ఈలోగా కాఫీ మారలేదు, గుండె మారలేదు. పేజీకి వారానికి మూడు వార్తలు కావాలి, అంతే! పాఠకుడికి మాత్రం ఎంత ఊరట! ఇవాళ తిట్టించుకున్నవాడు రెండు రోజులు ఓపిక పడితే చాలు, సైన్సు వచ్చి తన పక్కనే కూర్చుంటుంది.

ఫోటో విషయంలోనూ మాది పొదుపైన పద్ధతి. మా పాత ఫోటోల్లో తెల్లకోటు వేసుకుని చేతులు కట్టుకుని నవ్వే ఆవిడ ఒకరున్నారు. పళ్ల వార్తకి ఆవిడే దంత వైద్యురాలు, గుండె వార్తకి ఆవిడే సర్జన్, ఒకసారి భూసారం మీద వచ్చిన వార్తకి కూడా ఆవిడే శాస్త్రవేత్త. ఇన్ని చదువులు చదివిన మహాతల్లి మాట నమ్మకుండా, ఆధారం కావాలా మీకు?

పెద్దలు కొండను తవ్వి ఎలుకను పట్టడం గురించి హేళనగా చెప్పేవారు. మా వృత్తిలో మేము ఎలుకను పట్టి కొండను చేస్తాం. ఏది కష్టమో ఆలోచించండి!

ఎలుక మాట వచ్చింది కాబట్టి అసలు కథ చెప్పేస్తాను.

నెలన్నర కిందట వార్తల ఏజెన్సీ నుంచి ఒక చిన్న వార్త వచ్చింది. వెనక్కి నడిస్తే బీపీ తగ్గుతుందట. నేను పరిశోధన చదవలేదు, ఏజెన్సీ వార్త చదివాను. ఏజెన్సీవాడు యూనివర్సిటీ ప్రకటన చదివాడు. ఆ ప్రకటన రాసినవాడు పరిశోధకుణ్ణి లిఫ్ట్‌లో కలిసి ఉంటాడు. ఇంతమంది చేతులు మారిన నిజం ఇంకా నిజంగానే మిగిలిందంటే దాన్ని మెచ్చుకోవాలి గానీ అనుమానించకూడదు. 'వెనక్కి నడవండి... బీపీని తరమండి!' అని హెడ్డింగ్ పెట్టాను. పక్కన తెల్లకోటు ఆవిడ నవ్వింది.

మీరు నమ్మినా నమ్మకపోయినా, చివర్లో రెండు వాక్యాలు నేను చాలా నిజాయితీగా రాశాను. ఒకటి, ఈ ప్రయోగం పద్నాలుగు ఎలుకల మీద చేశారని. రెండు, దీన్ని నమ్ముకుని మందులు ఆపకూడదని.

అప్పుడు పేజీలు పెట్టే ఆయన కేకేశాడు. ఆఫీసులో అందరం కత్తెర బాబాయ్ అంటాం. "ఏమయ్యా, పరుపుల యాడ్ వచ్చింది. నీది రెండు సెంటీమీటర్లు ఎక్కువుంది."

"కోసెయ్ బాబాయ్," అన్నాను.

ఏది కోస్తాడో అడగలేదు. అడగక్కర్లేదు. ముఖ్యమైనది పైన రాయాలి, చోటు చాలకపోతే కింద నుంచి కోయాలి. పేపరు ఉద్యోగంలో మొదటి రోజు నేర్పేది అదే. అలా పద్నాలుగు ఎలుకలూ పరుపు కింద పడి పోయాయి.

పందొమ్మిది రోజుల తర్వాత మా బావగారు ఫోన్ చేశారు.

"ఏమోయ్, మీ అక్క వెనక్కి నడుస్తోంది."

"ఎక్కడికి బావగారూ?"

"ఎక్కడికేంటయ్యా, వెనక్కే! ఒకసారి రా."

మా అక్క గురించి చెప్పాలి. ముప్పై ఏళ్లు లెక్కల టీచరు. జవాబు కరెక్టయినా సరే, మధ్యలో ఒక మెట్టు ఎగరగొడితే సగం మార్కులు కోసేది. "ఇది ఎలా వచ్చింది?" అన్నది ఆవిడ ఊతపదం. పాలు విరిగినా అదే అడిగేది, బావగారు నవ్వినా అదే అడిగేది.

ఆదివారం పొద్దున వాళ్ల అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. నాలుగో అంతస్తులో లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే, నలుగురు ఆడవాళ్లు, ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు, వీపులు నావైపు పెట్టి వరసగా నా మీదికే వస్తున్నారు! పక్కన వాచ్‌మన్ నిలబడి, "గోడమ్మా, గోడ! సార్, మీరు కొంచెం ఎడమకి... మీ ఎడమ కాదు సార్, నా ఎడమ!" అని అరుస్తున్నాడు. మేనేజరు గారు గోడకి తగిలించిన మంటలార్పే ఎర్ర సిలిండరుని గుద్దుకుని, దానికి క్షమాపణ చెప్పి ముందుకి, అంటే వెనక్కి, సాగిపోయారు. అందరికన్నా నా దగ్గరగా వచ్చిన వీపు మా అక్కది.

దాచుకోవడం ఎందుకు, గర్వంగా అనిపించింది. ఇన్నేళ్లలో నా రాతకి మనుషులు కదలడం కళ్లారా చూడటం అదే మొదటిసారి.

బావగారు మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకెళ్లి, అలమరలోంచి ఒక డబ్బా తీసి చూపించారు. బీపీ మాత్రలు. రెండు అట్టలు, ఒక్క మాత్రా తగ్గలేదు. పదకొండేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా వేసుకుంటున్న మాత్ర అది.

"పేపరు వచ్చిన రోజు నుంచి మానేసింది," అన్నారు ఆయన మెల్లగా. "నిన్న బలవంతంగా క్లినిక్‌కి తీసుకెళ్లాను. పైది నూట తొంభై. డాక్టరమ్మ ఎంత చెప్పినా వినలేదు. నువ్వన్నా చెప్పు."

చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే పక్కన కూర్చుని గంటగంటకీ థర్మామీటరు పెట్టి చూసింది అక్కే. ఆవిడ నరాల మీద నేను పందొమ్మిది రోజులుగా కూర్చుని ఉన్నాను.

కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని. అక్క తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది.

"అక్కా, ఆ వార్త మనుషుల గురించి కాదు. ఎలుకల మీద చేశారు."

"ఏ ఎలుకలు?"

"పద్నాలుగు."

"ఎన్నని అడిగానా? పేపర్లో ఎలుక మాటే లేదు. చూడు!" ఫ్రిజ్ తలుపు మీద నా వార్త. కత్తిరించి, లామినేషన్ చేయించి, అయస్కాంతంతో అంటించింది. కింద పరుపు అంచు కూడా కొంచెం వచ్చింది.

"చివర్లో ఉండేదక్కా, కోసేశారు. అసలు అది రాసింది నేనే!"

"నువ్వు రాస్తే ఏంట్రా? చెప్పింది నిపుణులు. నీకు థర్మామీటరు చూడటం కూడా రాదు."

"డాక్టరమ్మ మాటైనా విను మరి."

"ఆవిడ ఒక్కతే. ఇక్కడ 'నిపుణులు' అని ఉంది. ఎంతమంది చెప్పుంటారు?"

"ఎవరూ చెప్పలేదక్కా! ఆ మాట నేను పెట్టాను!"

అక్క నన్ను జాలిగా చూసింది, లెక్క రాని పిల్లాణ్ణి చూసినట్టు. "నీ సొంత మాటే అయితే పేపర్లో ఎందుకు వేస్తార్రా?" అంది.

దీనికి జవాబు మీకు తెలిస్తే ఉత్తరం రాయండి.

మర్నాడు పుణ్యానికి పోయి నిజమైన వార్త రాశాను. డాక్టరమ్మ క్లినిక్‌కి వెళ్లాను, గంటన్నర కూర్చున్నాను. ఆవిడ పేరు, చదువు, ఇరవై ఆరేళ్ల అనుభవం, మాత్ర ఉన్నట్టుండి ఆపితే ఏం జరగొచ్చో ఆవిడ చెప్పిన మాటలు, ఏది కచ్చితంగా తెలుసో ఏది తెలియదో, అన్నీ వేశాను. ఆవిడ ఫోటోనే వేశాను. పాపం ఆవిడ చేతులు కట్టుకోలేదు, నవ్వలేదు కూడా. ఉద్యోగంలో చేరాక అంత శుభ్రంగా రాసింది అదొక్కటే.

అది అచ్చయిన రోజే అక్క నుంచి ఫోన్. "ఎవరో డాక్టరు తన సొంత అభిప్రాయం చెప్పుకుందిరా. పైగా సగం తెలియదని తనే ఒప్పుకుంది. పరిశోధన ఏదీ? మీ పేపరు పడిపోతోంది."

ఆ మాటతో నేను కూడా పడిపోయాను. తర్వాతి రోజు పొద్దున పావుగంటలో ఇంకో వార్త కొట్టాను. 'వెనక్కి నడుస్తున్నారా? మాత్ర వేసుకుంటేనే ఫలితం: అంతర్జాతీయ నిపుణుల వెల్లడి'. ఏ దేశం? తెలియదు. ఏ నిపుణులు? మీకు తెలిసినవాళ్లే! పక్కన తెల్లకోటు ఆవిడ చేతులు కట్టుకుని నవ్వింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

పేపరు పడిన రోజు ఎనిమిదింటికి బావగారు ఫోన్ చేశారు. "వేసుకుంది," అన్నారు.

అక్క ఫోన్ లాక్కుంది. "చూశావా? ఆ రోజు ఇంటికొచ్చి ఏదేదో వాగావు. సరైన ఆధారం చూపిస్తే నేనెందుకు విననురా?"

కాబట్టి పాఠకులారా, ఆధారం లేని వార్త ప్రాణాలు నిలబెడుతుందని నిరూపణ అయింది కదా! మా అక్క బీపీ ఇప్పుడు నూట ముప్పై అయిదు. డాక్టరమ్మ నిజం చెప్పి ఓడిపోయింది, నేను అబద్ధం చెప్పి గెలిచాను. ఇంకేం కావాలి?

కానీ ఒక చిన్న లెక్క తేలడం లేదు. అక్క పక్కనుంటే అడిగేవాణ్ణి. ఆ కారిడార్‌లో ఇంకో ముగ్గురు ఆడవాళ్లు, ఒక మేనేజరు గారు ఉన్నారు. మా పేపరు వెళ్లే ఇళ్లన్నిటిలో ఫ్రిజ్‌లు ఉన్నాయి. మా అక్కకి ఆరోగ్యం పేజీ రాసే తమ్ముడు ఒకడున్నాడు కాబట్టి, ఆవిడ ఒక్కదాని కోసం ఇంకో అబద్ధం అల్లి పెట్టాడు. మిగతావాళ్లందరికీ తమ్ముళ్లని నేనెక్కడి నుంచి తెచ్చేది?

ఇన్నాళ్లూ తప్పు కత్తెర బాబాయ్‌దనీ, పరుపులవాళ్లదనీ చెప్పుకుని తిరిగాను. కాదు. ఎలుకల్ని పైన రాయకుండా నన్నెవరూ పట్టుకోలేదు. పైన ఎలుకలుంటే ఎవరూ చదవరని నాకు తెలుసు, అందుకే కోతకి అందేచోట పెట్టాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. ఆ వినేవాళ్లలో మా అక్క ఉందని నాకు తట్టలేదు.

సవరణ వేయమని ఎడిటర్ గారిని అడిగాను. మన మీద మనమే అనుమానం పుట్టించుకుంటే పాఠకుల నమ్మకం ఏం కావాలన్నారు. అందుకని ఈ కాలమ్‌లో, అలవాటు ప్రకారం, అన్నిటికన్నా ముఖ్యమైన ముక్క చివర్లో రాస్తున్నాను. ఈ ఒక్కసారికి కోయవద్దని కత్తెర బాబాయ్‌ని బతిమాలాను. "యాడ్ రాకపోతే ఉంచుతాలే," అన్నాడు. కింది మాటలు మీకు కనిపిస్తున్నాయంటే ఇవాళ పరుపులవాళ్లు రాలేదని అర్థం.

ఆ పరిశోధన ఇప్పుడు తెప్పించి చదివాను: వెనక్కి నడిపించాలని చూసింది పద్నాలుగు ఎలుకల్ని, వాటిలో అయిదు ముందుకే నడిచాయి. మీ మాత్ర మీరు వేసుకోండి.